హెల్మెట్ కెమెరాతో గుర్రపు స్వారీ: కొనే ముందు, ఎక్కే ముందు, దిగిన తర్వాత

ఇంగ్లండ్ పల్లె దారుల్లో వెనక నుంచి కారు వస్తే ముందుగా తెలిసేది గుర్రానికే. రెండు చెవులూ వెనక్కి తిరుగుతాయి, మెడ కాస్త బిగుస్తుంది. ఆ తర్వాతే మనకు ఇంజిన్ చప్పుడు వినిపిస్తుంది. ఆ రెండు మూడు క్షణాల్లో మనం చేయగలిగింది పగ్గాలు సవరించుకోవడం, నడుము నిటారుగా పెట్టుకోవడం, గుర్రంతో నెమ్మదిగా మాట్లాడటం. మిగతాదంతా వాహనం నడిపేవారి చేతిలో ఉంటుంది.

నేను యార్క్‌షైర్‌లో ఒక కాబ్ రకం (పొట్టిగా, బలిష్ఠంగా ఉండే) గుర్రం మీద స్వారీ చేస్తాను. ఎత్తు 15 హ్యాండ్లు, అంటే భుజం దగ్గర సుమారు 152 సెంటీమీటర్లు. ఒక చలికాలం ఉదయం, రెండు వైపులా మనిషెత్తు పొదల కంచెలున్న ఇరుకు దారిలో ఒక వ్యాను నా కుడి రికాబుకు మూరెడు దూరంలో దూసుకుపోయింది. గుర్రం పక్కకు గెంతింది. అదృష్టవశాత్తూ ఇద్దరం నిలదొక్కుకున్నాం. నా దగ్గర కెమెరా ఉంది, అది పనిచేస్తూనే ఉంది. ఇంటికి వచ్చి చూస్తే వ్యాను రంగు కనిపించింది, అద్దం కనిపించింది, నంబరు పలక మాత్రం తెల్లటి మరకలా ఉంది. వెడల్పు కోణంలో, మసక వెలుతురులో తీసిన వీడియో అంతకంటే ఏం చూపిస్తుంది? కెమెరా కొన్నాను గాని, దాన్ని ఎందుకు కొన్నానో సరిగా ఆలోచించలేదని ఆ రోజు తెలిసింది. మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా: కెమెరా దేనికి?

దారిలో జరిగిన ప్రమాదకర ఘటనకు సాక్ష్యం కావాలా, స్వారీ నేర్చుకోవడానికి వీడియో కావాలా, అడవి దారిలో తిరిగిన ఉదయాన్ని దాచుకోవాలా? ఈ మూడింటికీ ఒకే కెమెరా, ఒకే అమరిక సరిపోవడం అరుదు.

నేర్చుకోవడానికే అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. హెల్మెట్ మీది కెమెరాకు మీరు కనిపించరు. గుర్రం చెవులు, జూలు, ముందున్న దారి కనిపిస్తాయి. మీ చూపు ఎటు తిరుగుతోందో తెలుస్తుంది. అదీ పనికొచ్చేదే. అడ్డంకి దూకే ముందు చాలామంది కింద నేలను చూస్తారు, ఆ అలవాటును వీడియో నిర్దాక్షిణ్యంగా బయటపెడుతుంది. కానీ మడమ పైకి లేస్తోందా, మోచేతులు బిగుసుకుంటున్నాయా, నడుము వంగుతోందా అన్నది తెలియాలంటే కెమెరా బయట ఉండాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో శిక్షణ మైదానంలో స్వారీ నేర్చుకుంటున్నవారు ఈ అవసరం కోసం హెల్మెట్ కెమెరా కొననక్కర్లేదు. మైదానం మూలన, కంచెకు అవతల చిన్న ట్రైపాడ్ మీద ఫోను పెట్టండి. మీరు పక్కనుంచి దాటేటప్పుడు తల నుంచి గిట్టల దాకా ఫ్రేములో పడేలా చూసుకోండి. ఫోను కంచె లోపల మాత్రం పెట్టవద్దు. గుర్రం తొక్కితే ఫోను పోవడంతో ఆగదు, గుర్రం కాలికి కూడా దెబ్బ తగులుతుంది.

రోడ్డు మీద సాక్ష్యం కావాలనుకునేవారికి మాత్రం కెమెరా నిజంగా అవసరం. కింద రాసిందంతా ఎక్కువగా వారి కోసమే.

హెల్మెట్ పని హెల్మెట్‌ను చేయనివ్వండి

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. హెల్మెట్ ఉన్నది తలను కాపాడటానికి. కెమెరాకు అది స్టాండు కాదు.

స్వారీ హెల్మెట్ పై డొల్ల గుండ్రంగా, నున్నగా ఉండటానికి కారణం ఉంది. పడినప్పుడు అది నేల మీద జారాలి. దాని మీద ఏదైనా పొడుచుకుని ఉంటే అది నేలనో కొమ్మనో పట్టుకుంటుంది. అప్పుడు తల ఒక్కసారిగా మెలి తిరుగుతుంది, ఆ మెలిక మెడకు, మెదడుకు ప్రమాదం. రెండోది, దెబ్బ డొల్ల అంతటా పరుచుకోవాల్సింది కెమెరా ఆనిన చిన్న చోటే కేంద్రీకృతమవుతుంది. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో ఫార్ములా వన్ కార్ల పందేల విజేత మైఖేల్ షూమాకర్ స్కీయింగ్ చేస్తూ పడినప్పుడు ఆయన హెల్మెట్‌కు కెమెరా ఉంది. ఆ తర్వాత హెల్మెట్ కెమెరాల భద్రత గురించి క్రీడాలోకంలో పెద్ద చర్చ జరిగింది. 2014లో, ఈవెంటింగ్ అనే గుర్రపు స్వారీ పోటీలను నిర్వహించే బ్రిటిష్ ఈవెంటింగ్ సంస్థ తన పోటీల్లో వాటిని నిషేధించింది. అంతకు ముందు క్రాస్ కంట్రీ (ఆరుబయట అడ్డంకులు దూకుతూ సాగే) పోటీల్లో రౌతు కళ్లతో చూసినట్టుండే వీడియోలు ఎంతో ఆదరణ పొందాయి. మీరు ఏ పోటీలోనైనా పాల్గొనేటట్లయితే ఆ సంస్థ నియమావళి ముందే చదవండి. గేటు దగ్గర తెలుసుకుని కంగారుపడటం గుర్రానికీ మంచిది కాదు.

హెల్మెట్ కొనేటప్పుడు లోపలి లేబుల్ చూడండి. పీఏఎస్ 015, ఏఎస్‌టీఎం ఎఫ్1163, స్నెల్ ఈ-శ్రేణి వంటి గుర్తులు గుర్రపు స్వారీ ప్రమాణాలు. సైకిల్ హెల్మెట్‌కు చక్కగా కెమెరా పట్టీ కుదురుతుందని దాన్ని స్వారీకి పెట్టుకోవడం ఎంతమాత్రం తగదు. ఆ రెండూ కాపాడే తీరు వేరు.

ఇక హెల్మెట్‌కు చేయకూడనివి. రంధ్రం వేయకండి. స్క్రూ బిగించకండి. గట్టి జిగురు వాడకండి, ఎందుకంటే జిగురులోని ద్రావకాలు ప్లాస్టిక్ డొల్లను పెళుసుగా మార్చగలవు, ఆ నష్టం పైకి కనిపించదు. హెల్మెట్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఏమీ అతికించవద్దని రాసి ఉంటే ఆ మాటే శాసనం. ఒకసారి తల నేలకు గట్టిగా తగిలిన హెల్మెట్‌ను, బయట గీత కూడా లేకపోయినా, మార్చేయండి. లోపలి నురుగు పొర దెబ్బను తీసుకుని నలిగిపోతుంది, రెండోసారి పనిచేయదు.

ఎక్కడ పెట్టాలి?

ఛాతీ పట్టీతో మొదలుపెడదాం. భుజాల మీదుగా వచ్చే సాగే పట్టీలు, మధ్యలో కెమెరా. గుర్రం మెడ, చెవులు, దారి ఫ్రేములో చక్కగా పడతాయి. తల బరువు పెరగదు. కానీ ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య ఉండే గెంతు నడక) మొదలుకాగానే కెమెరా పైకీ కిందకీ గెంతుతుంది, అందుకే పట్టీలు ఊపిరికి అడ్డం రానంత వరకు బిగించాలి. ముందుకు పడితే గట్టి వస్తువు రొమ్ము ఎముక మీద ఉంటుందన్నది కూడా మరవకండి. లోపల బాడీ ప్రొటెక్టర్ (ఒంటిని కాపాడే మెత్తటి కవచం) వేసుకుంటే ఆ దెబ్బ కొంత తగ్గుతుంది.

గాలితో ఉబ్బే ఎయిర్ వెస్ట్ వేసుకునేవారు మాత్రం దాని మీద ఛాతీ పట్టీ ఎప్పుడూ కట్టవద్దు. పడిన క్షణంలో వెస్ట్ ఒక్కసారిగా ఉబ్బాలి. పైన పట్టీ బిగించి ఉంటే అది బయటికి ఉబ్బలేక మీ పక్కటెముకలనే నొక్కుతుంది. మా గుర్రపుశాలలో ఈ విషయం తెలియని వారిని నేనే ఇద్దరు ముగ్గురిని ఆపాను.

రెండో దారి హెల్మెట్ ముందున్న పీక్ (నుదుటి మీదుగా ముందుకు వచ్చే అంచు) కింద అమిరే సన్నని కెమెరా. ఫ్రాన్స్‌కు చెందిన కామ్‌బాక్స్ స్వారీ చేసేవారి కోసమే ఇటువంటిది తయారుచేస్తోంది. వంపు తిరిగిన చిన్న పరికరం, వెల్క్రోతో అంటుకుంటుంది, పైకి పొడుచుకురాదు. చూపు ఎటు వెళ్తే వీడియో అటే వెళ్తుంది. హెల్మెట్‌కే పెట్టాలనుకుంటే నేను ఒప్పుకునేది ఇలాంటిదాన్నే.

మూడోది అయస్కాంతంతో చొక్కాకు పట్టుకునే చిన్న కెమెరా. ఇన్‌స్టా360 గో 3 బరువు 35 గ్రాములే. మెడలో వేసుకునే అయస్కాంత బిళ్ల చొక్కా లోపల, కెమెరా బయట. గట్టిగా లాగితే ఊడి వస్తుంది, మనకు కావలసింది అదే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతం ఉన్న ఏ అమరికనూ వాడకూడదు. ఈ బుల్లి కెమెరాల బ్యాటరీ ఎక్కువసేపు రాదు, అంతే లోటు.

పోలిక కోసం చెబుతున్నాను: గోప్రో హీరో12 బ్లాక్ 154 గ్రాములు, డీజేఐ ఆస్మో యాక్షన్ 4 సుమారు 145 గ్రాములు, 2024లో వచ్చిన చిన్న గోప్రో హీరో 86 గ్రాములు. చేతిలో పట్టుకుంటే 150 గ్రాములు లెక్కలోకి రావు. రెండు గంటలు తల మీద మోస్తే సాయంత్రానికి మెడ నరాలు చెబుతాయి.

ఏ అమరిక ఎంచుకున్నా ఈ పరీక్ష చేయండి. హెల్మెట్‌నో పట్టీనో వేసుకుని, కెమెరాను చేత్తో పట్టుకుని పక్కకు గట్టిగా లాగండి. కెమెరా ఊడి చేతికి వస్తే సరే. కెమెరాతో పాటు మీ తల కూడా వస్తే ఆ అమరికను పక్కన పెట్టేయండి. పోయిన కెమెరాను మళ్లీ కొనుక్కోవచ్చు.

నా సంగతి అడిగితే, హెల్మెట్ మీద ఏమీ పెట్టను. మెరిసే పసుపు జాకెట్ మీద, కంఠం ఎముకకు కాస్త కింద, చిన్న కెమెరా ఒక్కటి. అంతకు ముందు తల మీద పట్టీతో కెమెరా పెట్టుకుని తిరిగేదాన్ని. ఒకరోజు వంగిన ముళ్ల కొమ్మ కింద తల దించి వెళ్తుంటే, తలైతే దాటింది, కెమెరా దాటలేదు. మెడ వెనక్కి విరిగినంత పనయింది. పట్టీ సాగి ఊడింది కాబట్టి బతికిపోయాను. గుర్రం మీద ఉన్నప్పుడు మన ఎత్తు ఎంతో మనకు అలవాటే. దాని మీద నాలుగు వేళ్ల ఎత్తు అదనంగా చేరితే ఆ సంగతి మెదడుకు గుర్తుండదు.

కొనేటప్పుడు ఏం చూడాలి

బొమ్మ వణుకును సరిదిద్దే సౌకర్యం తప్పనిసరి. అది లేకపోతే ట్రాట్‌లో తీసిన వీడియో చూడటానికి కళ్లు తిరుగుతాయి. వర్షానికి తట్టుకోవాలి. బ్యాటరీ మార్చుకోగలిగితే మేలు. జీపీఎస్ కావాలంటే మోడల్ వివరాలు జాగ్రత్తగా చదవండి. గోప్రోలో హీరో11కు అది ఉంది, హీరో12లో తీసేశారు, హీరో13లో మళ్లీ పెట్టారు. కొత్త మోడల్ కాబట్టి అన్నీ ఉంటాయనుకోవద్దు. వెనక నుంచి వచ్చే వాహనాలే మీ ప్రధాన బాధ అయితే ముందు వెనక రెండూ తీసే టెక్‌అలాజిక్ డీసీ-1 వంటివి పరిశీలించవచ్చు. కాకపోతే అవి హెల్మెట్ పక్కన బిగించేవి, పైన చెప్పిన హెచ్చరికలన్నీ వాటికీ వర్తిస్తాయి.

కెమెరా మీద ఖర్చు పెట్టి మెమరీ కార్డు దగ్గర పిసినారితనం చేయకండి. కార్డు మీద వి30 గుర్తు ఉండాలి, అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలగాలి. లెక్క ఇలా ఉంటుంది (ఎనిమిది మెగాబిట్లు ఒక మెగాబైట్). 4కె అనే అతి స్పష్టమైన నాణ్యతలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. అంతకంటే తక్కువ స్పష్టత ఉన్న 1080పిలో 30 మెగాబిట్ల చొప్పున అయితే 13.5 జీబీ. రెండు గంటల స్వారీకి 128 జీబీ కార్డు హాయిగా సరిపోతుంది.

అమరికలు: నంబరు పలక చదవగలగాలి

నా మొదటి వీడియో పనికిరాకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, అతి వెడల్పు కోణం. అది ఆకాశం నుంచి గుర్రం భుజాల దాకా అన్నీ చూపిస్తుంది, కానీ పది మీటర్ల దూరంలోని కారు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. కోణాన్ని 'లీనియర్'కు మార్చండి. రెండోది వెలుతురు. మసక వెలుతురులో కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, కదిలే అక్షరాలు సాగిపోతాయి. షట్టర్ వేగాన్ని చేత్తో మార్చుకునే వీలుంటే పెంచండి. బొమ్మ కాస్త చీకటిగా వచ్చినా అక్షరాలు నిలుస్తాయి.

ఇంటి ముందు నిలబెట్టిన కారు దగ్గరే ఇది పరీక్షించుకోండి. కెమెరా తగిలించుకుని మెట్ల మీదో స్టూలు మీదో, గుర్రం మీద ఉన్నంత ఎత్తులో నిలబడండి. ఐదు, పది, పదిహేను మీటర్ల దూరాల నుంచి తీసి, కంప్యూటర్ తెర మీద ఆపి చూడండి. ఎంత దూరం దాకా నంబరు చదవగలరో అప్పుడు తెలుస్తుంది.

తేదీ, సమయం సరిచేయడం చాలామంది మరిచిపోతారు. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో గడియారం మారుతుంది, కెమెరాలోనూ మార్చండి. గంట తేడా ఉన్న వీడియో సాక్ష్యంగా బలహీనపడుతుంది.

గుర్రానికి పరిచయం చేయండి

గుర్రానికి మన కంటే పై స్థాయి శబ్దాలు వినిపిస్తాయి. కళ్లు తలకు రెండు వైపులా ఉండటం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు, మనం జీను మీద చేసే కదలికలు కూడా దాని కంటబడతాయి. కాబట్టి కెమెరా బీప్ శబ్దం, మెరిసే ఎర్ర దీపం రెండూ ముందే ఆపేయండి.

మొదటి రోజు స్వారీ వద్దు. గుర్రపుశాలలో కెమెరాను చేత్తో పట్టుకుని వాసన చూడనివ్వండి. ముక్కు పుటాలు విప్పి ఒకసారి గట్టిగా ఊదుతుంది, తర్వాత ఆసక్తి పోతుంది. ఆ ఆసక్తి పోవడమే మనకు కావాలి. తర్వాత మీరు కెమెరా తగిలించుకుని మాలిష్ చేయండి, జీను వేయండి, కళ్లెం తొడగండి. పట్టీ ఊడదీసేటప్పుడు వచ్చే వెల్క్రో చప్పుడును కొన్ని గుర్రాలు అస్సలు సహించవు. దూరం నుంచి మెల్లగా, పదే పదే వినిపించి అలవాటు చేయండి. మరునాడు కంచె ఉన్న మైదానంలో నడక, ఆ తర్వాత ట్రాట్. ఇవన్నీ సాఫీగా జరిగాకే రోడ్డు. వారం పట్టినా పట్టనివ్వండి.

రోడ్డు మీద

ఎక్కక ముందే, నేల మీద నిలబడి ఉండగానే కెమెరా ఆన్ చేయండి. గుర్రం దిగేదాకా దాన్ని ముట్టుకోకండి. బటన్ కోసం పగ్గం వదిలిన చేయి అవసరమైన క్షణంలో పగ్గం మీద ఉండదు. చలికాలంలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, మరొకటి లోపలి జేబులో ఒంటి వెచ్చదనంలో ఉంచుకోండి.

బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 2022 జనవరి 29 నుంచి అమల్లోకి వచ్చిన మార్పులు మీకు కంఠస్థం కావాలి. 215వ నియమం ప్రకారం గుర్రాన్ని దాటే వాహనం గంటకు 10 మైళ్లు, అంటే సుమారు 16 కిలోమీటర్ల వేగం మించకూడదు, కనీసం 2 మీటర్ల ఎడం ఇవ్వాలి. మీ వీడియో చూపించాల్సింది ఈ రెండింటినే.

ఎవరైనా ప్రమాదకరంగా దాటితే ముందు గుర్రాన్ని శాంతపరచండి. అది కుదుటపడగానే వాహనం నంబరు, రంగు, దారి పేరు పైకి గట్టిగా చెప్పండి. బొమ్మలో నంబరు చెరిగిపోయినా మీ గొంతు మైకులో ఉంటుంది. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ వ్యాను సంగతి వేరుగా ఉండేది. కేకలు వేయకండి, వాహనాన్ని వెంబడించకండి. ఆ మాటలు కూడా రికార్డవుతాయి, పైగా మీ కోపం ముందుగా చేరేది గుర్రానికే.

నెమ్మదిగా, దూరంగా దాటినవారికి చేయెత్తి కృతజ్ఞత చెప్పండి. చేయి తీయలేని పరిస్థితి అయితే తల ఊపండి చాలు. అదే డ్రైవరు రేపు మరో రౌతును దాటుతాడు.

ఫిర్యాదు చేయాల్సి వస్తే

ఆలస్యం చేయవద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా ట్రాఫిక్ నేరాలకు వాహన యజమానికి పోలీసుల నోటీసు 14 రోజుల్లోపు అందాలి. మీరు పన్నెండో రోజున వీడియో పంపితే వారికి సమయం ఉండదు. అదే సాయంత్రం పంపండి. 2016లో నార్త్ వేల్స్‌లో మొదలైన ఆపరేషన్ స్నాప్ తరహా ఏర్పాట్లు ఇప్పుడు అనేక పోలీసు విభాగాల్లో ఉన్నాయి, వీడియోను నేరుగా వారి వెబ్‌సైట్‌లోనే ఎక్కించవచ్చు. ఘటనకు ముందూ తర్వాతా ఒకటి రెండు నిమిషాలు కలిపి, ఎడిట్ చేయని వీడియోనే ఇవ్వండి. అవసరమైతే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెబుతారా అని అడుగుతారు. ఆలోచించుకుని జవాబివ్వండి.

విచారణ జరుగుతుండగా ఆ వీడియోను సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. నాలుగు వందల మంది సానుభూతి చెప్పవచ్చు గాని, కేసు దెబ్బతినవచ్చు. బ్రిటిష్ హార్స్ సొసైటీ వారి 'హార్స్ ఐ' యాప్‌లో కూడా ఘటనను నమోదు చేయండి. పోలీసు ఫిర్యాదుకు అది ప్రత్యామ్నాయం కాదు. కానీ గుర్రాలతో రోడ్డు మీద జరిగే ఘటనల లెక్క ఒకచోట చేరితేనే నియమాల కోసం అడిగే గొంతుకు బలం వస్తుంది.

గుర్రపుశాలలో

దిగగానే కెమెరా ఆపేయండి. అక్కడ పిల్లలు బూట్లు మార్చుకుంటుంటారు, మనుషులు తమ సొంత విషయాలు మాట్లాడుకుంటుంటారు. పక్కన స్వారీ చేసేవారికి కెమెరా ఉందని ముందే చెప్పండి. ఇతరుల పిల్లలు కనిపించే వీడియో తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

మీ పిల్లలకు కెమెరా కొనివ్వాలా అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. బ్రిటన్‌లో 14 ఏళ్ల లోపు పిల్లలు రోడ్డు మీద గుర్రం ఎక్కితే హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. కెమెరా మాత్రం పక్కన వచ్చే పెద్దవారి మీద ఉంటే చాలు. నేర్చుకునే పిల్లల దృష్టి గుర్రం మీద ఉండాలి, తమ వీడియో ఎలా వస్తోందన్న దాని మీద కాదు.

ఇంటికి వచ్చాక వీడియో చూడాలన్న తొందర అందరికీ ఉంటుంది. ముందు గుర్రం పని పూర్తి చేయండి. జీను దించి, చెమట తుడిచి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీసి, నీళ్లు చూపించండి. ఆ తర్వాత లెన్స్ మీది బురదను తడి గుడ్డతో మెల్లగా ఒత్తి తీయండి, రుద్దితే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. కార్డులోని వీడియో చూసి, అవసరమైన ముక్కను కంప్యూటర్‌లో దాచుకుని, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, బ్యాటరీ ఛార్జింగ్‌కు పెట్టి, పట్టీని బూట్ల పక్కన ఆరేయండి.